ధనుర్వాతం గది బయట

గుంటూరులో నర్సు శిక్షణ పూర్తయి, మొదటి పోస్టింగు కాగితం చేతికి వచ్చేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. అందులో ఊరి పేరు మా ఇంట్లో ఎవరూ విన్నది కాదు. మా నాన్న పటం తీసి వెతికి వెతికి, శ్రీకాకుళానికీ విజయనగరానికీ మధ్య ఒక చుక్క మీద వేలు పెట్టాడు. అరవయ్యో దశకం చివరి రోజులవి. బస్సు పది నిమిషాలు ఆగి వెళ్లిపోయే ఊరది. బస్సు దిగి ఎడమచేతి సందులోకి తిరిగితే ఆసుపత్రి.

ఇప్పుడు ఐ.సి.యు. అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. అప్పుడు మాకు ఆ మాట లేదు. ప్రాణం మీదికి వచ్చినవాళ్లను పెట్టడానికి వెనక వరండా చివర ఒక గది, అందులో మూడు మంచాలు ఉండేవి. ఎప్పుడు చూసినా ధనుర్వాతం వచ్చినవాళ్లే ఎక్కువ కాబట్టి దాన్ని అందరూ ధనుర్వాతం గది అనేవారు.

ఆ జబ్బు చూడనివాళ్లకు చెప్పాలి. కాల్లో ముల్లో మోడో గుచ్చుకుంటుంది. పసుపు పెట్టి మరిచిపోతారు. పది రోజుల తర్వాత దవడలు బిగుసుకుపోతాయి. ఆ తర్వాత ఏ చిన్న చప్పుడైనా, వెలుతురు పడినా, ఎవరైనా ముట్టుకున్నా ఒళ్లంతా విల్లులా వంగిపోతుంది. తెలివి మాత్రం పోదు. పక్కన ఎవరున్నదీ, ఏం జరుగుతున్నదీ అంతా తెలుస్తూనే ఉంటుంది. నోరు ఒక్కటే తెరుచుకోదు. అందుకని ఆ గది కిటికీలకు నల్లగుడ్డలు కట్టేవాళ్లం. తలుపు బందులకు వారానికోసారి ఆముదం రాసేవాళ్లం. చెప్పులు బయట విడిచి వట్టికాళ్లతో తిరిగేవాళ్లం. కింద పడితే మోగే సామాను ఏదీ లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. బంధువులను అసలే రానిచ్చేవాళ్లం కాదు.

ఇవన్నీ మా డాక్టరుగారు పెట్టిన నియమాలు. కాకినాడ వైపు మనిషి, నలభై దాటాయి. రోగి కోసం అన్నం మానుకుని నిలబడే డాక్టర్లను నేను తర్వాత కూడా కొందరిని చూశాను గానీ, మొదట చూసింది ఆయన్నే. మాట మాత్రం చాలా పొదుపు. బంధువులతో మాట్లాడటం ఆయన దృష్టిలో వైద్యం కిందికి రాదు. అది నర్సుల పని, అదీ వాళ్లను తలుపు దగ్గర నుంచి దూరంగా ఉంచడానికి.

వరండాలో రోగుల తాలూకు వాళ్లు ఎప్పుడూ పదిమందికి తక్కువ ఉండేవారు కాదు. అక్కడే చాపలు పరుచుకునేవారు. పెరట్లో మూడు ఇటుకలు పెట్టి గంజి కాచుకునేవారు. నేను తలుపు తీసుకుని బయటికి వస్తే అందరూ ఒక్కసారిగా లేచి నిలబడేవారు. నేను అందరి వంకా ఒకసారి చూసి, బాగానే ఉన్నారు, కూర్చోండి అనేదాన్ని. బంధువులను కంగారు పెట్టకూడదని మాకు శిక్షణలో నేర్పారు. కంగారు పెట్టకుండా ఉండటానికి నాకు తెలిసిన మాట అదొక్కటే.

పైగా వాళ్ల మాట నాకు సరిగ్గా అర్థమయ్యేది కాదు, నాది వాళ్లకు అయ్యేది కాదు. తెలుగుదేశంలోనే ఉన్నానన్న ధైర్యంతో వెళ్లాను. మొదటి వారంలోనే ఆ ధైర్యం పోయింది. మా వార్డు ఆయా ఆ ఊరి మనిషే, యాభై దాటిన విధవరాలు. ఎన్నోసార్లు నాకూ వాళ్లకూ మధ్య నిలబడి, తెలుగును తెలుగులోకి మార్చి చెప్పేది.

నేను చెప్పదలుచుకున్నావిడ కార్తీకమాసంలో వచ్చింది. నలభై ఐదు, యాభై మధ్య వయసు. ముక్కుకు రెండువైపులా పుడకలు, మోచేతుల దాకా పచ్చబొట్లు. కొండల వైపు పల్లె నుంచి ఎడ్లబండి మీద భర్తను పడుకోబెట్టి తీసుకొచ్చింది. గోగు కోస్తుంటే కోసిన మోడు ఆయన అరికాల్లో దిగిందట. ఆ ప్రాంతంలో నార కోసం గోగు బాగా వేస్తారు. ఆ నార నెల్లిమర్ల మిల్లుకు పోతుంది. ఆయన్ని మేము మూడో మంచం మీద, గోడ పక్కన పడుకోబెట్టాం. ఆమెను ఆయా వరండాలో కూర్చోబెట్టింది.

మర్నాడు పొద్దున నేను బయటికి రాగానే ఆవిడ దగ్గరికొచ్చి అడిగింది.

"మా మావ తొంగున్నాడా అమ్మా?"

ఆవిడ భర్తను మావ అనేది. నిజంగానే ఆమె తల్లికి తమ్ముడు. అది నాకు తెలిసింది గానీ, తొంగున్నాడా అంటే తొంగి చూశాడా అని అడుగుతోందనుకున్నాను. మంచం మీద నుంచి కదలలేని మనిషి తొంగి ఎలా చూస్తాడమ్మా, అలాంటివి ఇంకా చాలా రోజులు కుదరవు అని నెమ్మదిగా చెప్పాను. ఆవిడ అక్కడే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయా పరుగెత్తుకొచ్చింది. వాళ్లలో తొంగోవడమంటే నిద్రపోవడమట. చాలా రోజుల దాకా నిద్ర ఉండదని నేను చెప్పినట్టయింది. ఆయన తెల్లవారుజాము నుంచి మందు మత్తులో నిద్రపోతూనే ఉన్నాడు. అది చెప్పాక ఆవిడ కళ్లు తుడుచుకుంది. నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రం ఆయా దగ్గర కూర్చుని పాతిక మాటలు పుస్తకంలో రాసుకున్నాను.

అప్పుడు రెండో మంచం మీద జూట్ మిల్లులో పని చేసే మనిషి ఉండేవాడు. అతని అన్న వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మూడు రోజుల నుంచి స్నానం కూడా చేయలేదు. ఒక ఉదయం పది గంటలప్పుడు నేను బయటికొచ్చి, అలవాటు ప్రకారం, మీ తమ్ముడు బాగానే ఉన్నాడు, వెళ్లి స్నానం చేసి ఏదైనా తిని రండి అన్నాను. నిజానికి అతని ఊపిరి పొద్దుటి నుంచీ బాగాలేదు. డాక్టరుగారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నా నోటి వెంట ఆ మాటే వచ్చింది. అతను లేచి చెరువుకు వెళ్లాడు. వాళ్ల తమ్ముడు పన్నెండు గంటలకు పోయాడు.

అన్న తడితల మీద తుండుగుడ్డ వేసుకుని తిరిగొచ్చేసరికి నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. చెప్పాను. అతను నన్ను తిట్టలేదు. నా ముఖంలోకి చూసి ఒకే మాట అడిగాడు.

"బాగున్నాడన్నావు కదా?"

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చేయి ఆగుతోంది.

మర్నాడు నేను తలుపు తీసి వరండాలోకి వచ్చినప్పుడు ఎవరూ లేవలేదు. అందరూ కూర్చునే నా వంక చూశారు. నేను బాగానే అని మొదలుపెట్టేలోపు గోగు రైతు భార్య చేయెత్తి ఆపింది. గొంతు పెంచలేదు. పక్కన చాప మీద చోటు చూపించి నన్ను కూర్చోమంది. నర్సు యూనిఫారంతో చాప మీద కూర్చోవడం అప్పటిదాకా నేను చేయలేదు. కూర్చున్నాను.

"బాగున్నాడని సెప్పకమ్మా. ఆ మాట నానింక నమ్మను. మా మావ పొద్దుట్నుంచీ ఏటి సేసినాడో అది సెప్పు. బాగుందో నేదో నాను సూసుకుంతాను."

అలాగేనమ్మా అని మొదలుపెట్టాను. మొదట్లో ఏం చెప్పాలో తోచలేదు. నిద్రమందు ఎప్పుడిచ్చిందీ చెప్పాను. ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారా పాలు పోశామని, పాలు లోపల నిలిచాయని చెప్పాను. ఆవిడ ప్రతి మాటకీ తలూపుతూ, తర్వాతేటి, తర్వాతేటి అని అడుగుతూనే ఉంది. చివరికి దాచాలనుకున్నది కూడా చెప్పాను. సూదిమందు వేయడానికి నేను చేయి పట్టుకున్న ప్రతిసారీ ఆయన ఉలిక్కిపడి విల్లులా లేచిపోతున్నాడని. ముందుగా చెవి దగ్గర వంగి, సూది వేస్తున్నానండి అని నెమ్మదిగా చెప్తున్నా సరే, అలాగే అవుతోందని. మిగతావాళ్లకు అలా చెప్తే కొంచెం తగ్గుతుంది. ఈయనకు తగ్గడం లేదు.

ఆవిడ అంతా విన్నది. తర్వాత అడిగింది.

"ఏ సెవిలో సెప్పినావు?"

ఎడమ చెవిలో అన్నాను. మంచం కుడిపక్క గోడకు ఆనించి ఉంది. మేము వెళ్లడానికి ఎడమపక్కే దారి.

"ఆ సెవి ఇనపడదమ్మా మా మావకి. సిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు పోయింది."

చీకటి గది. కళ్లు కనపడవు, వచ్చినవాళ్ల మాట వినపడదు. ఎక్కడి నుంచో హఠాత్తుగా ఒక చేయి మీద పడుతుంది, వెంటనే సూది. ఆరోగ్యంగా ఉన్న నేనైనా ఉలిక్కిపడతాను. ఐదు రోజుల నుంచి ఆయన్ని మేమే అలా బెదరగొడుతున్నాం. ఆ ఒక్క మాట తెలిసిన మనిషి పదడుగుల దూరంలో, తలుపుకు ఇవతల కూర్చుని ఉంది.

డాక్టరుగారికి చెప్పడానికి భయపడుతూనే వెళ్లాను. బంధువులతో చాప మీద కూర్చుని అంతసేపు మాట్లాడావా అంటారని. ఆయన కేసు కాగితం తెప్పించుకుని పై నుంచి కింద దాకా చదివారు. చెవి సంగతి అందులో లేదు. ఎవరు చెప్పారని అడిగారు. బయట కూర్చున్న వాళ్లావిడ అన్నాను. మనం ఆవిణ్ని అడగలేదా అన్నారు. లేదండి అన్నాను. ఆయన కలం తీసి కాగితం పైన, పేరు పక్కనే, ఎడమ చెవి వినపడదు అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాశారు. కేసు కాగితం మీద ఆయన తెలుగులో రాయడం నేను చూడటం అదే మొదలు.

మధ్యాహ్నం నిద్రమందు బాగా పట్టాక నలుగురం వట్టికాళ్లతో మంచం ఎత్తి, తల ఉన్న వైపు కాళ్లు వచ్చేలా తిప్పాం. ఇప్పుడు కుడి చెవి మా వైపుంది. ఆ సాయంత్రం సూది వేసేముందు ఆ చెవి దగ్గర వంగి చెప్పాను. ఆయన కళ్లు నా వైపు తిరిగాయి. ఒళ్లు బిగుసుకుంది గానీ పైకి లేవలేదు. సూది దిగింది, బయటికి వచ్చింది.

ఆ తర్వాత రోజూ నాలుగు గంటలకు చాప మీద కూర్చోవడం అలవాటైంది. ముందు ఆవిడ కోసమే కూర్చునేదాన్ని. మెల్లగా మిగతావాళ్లు కూడా చేరారు. ఎవరికి వాళ్ల మనిషి సంగతి పక్కకు పిలిచి విడిగా చెప్పేదాన్ని. ఆవిణ్ని నేను అమ్మా అంటుంటే ఒకరోజు విసుక్కుంది. నీకు నాను అమ్మనేటి, అంత ముసలిదాన్నా, అప్పా అను అంది. వాళ్లలో అప్ప అంటే అక్క. అలా ఆమె నాకు అప్ప అయింది. నేను ఆమెకు బుల్లినయ్యాను.

లోపలి సంగతులు బయటికి తీసుకెళ్లినట్టే, బయటివి లోపలికి కూడా తీసుకెళ్లవచ్చని నేర్పింది అప్పే. ఒకరోజు నేను మాటల్లో, ఆయన కుడిచేతి వేళ్లు రెండు ఊరికే కదులుతున్నాయని, దేన్నో పీకుతున్నట్టు ఉందని చెప్పాను. అది జబ్బు లక్షణమేమోనని నా అనుమానం. అప్ప నవ్వింది. ఆ వరండాలో ఆమె నవ్వడం మొదటిసారి చూశాను.

నార ఒలుస్తున్నాడంది. గోగు కట్టలు గెడ్డలో నానేసి వచ్చారట. గెడ్డ అంటే వాగు. నాని మెత్తబడ్డాక సకాలంలో తీసి నార ఒలవకపోతే కుళ్లిపోతుంది. ఆయన బెంగ అంతా దాని మీదే. కానీ కట్టలు తీయడమూ, నార ఒలిచి ఆరేయడమూ నాలుగు రోజుల కిందటే ఆమె తమ్ముడు చేసేశాడు. ఆ కబురు ఆయనకు చెప్పమంది.

నేను వెళ్లి కుడి చెవిలో చెప్పాను. గోగు కట్టలు నీళ్లలోంచి తీయించేశారండి, నార కూడా వలిచేశారట, మీరేమీ దిగులు పడవద్దన్నారండి అని. ఆయన నా వంక అలాగే చూశాడు. వేళ్లు ఆగలేదు. బయటికొచ్చి చెప్తే ఆయా తల కొట్టుకుంది. అలాగ సెప్తే ఆయనకేటి తెలుస్తాది అంది. అప్పా, ఆయా కలిసి నాకు పాఠం చెప్పారు. వరండా అంతా వింటుండగా నేను అప్పచెప్పాను. రెండుసార్లు తప్పు పోయింది. పక్కన చాపల మీదవాళ్లు కూడా సరిదిద్దారు. చాలా రోజుల తర్వాత అక్కడ నవ్వులు వినపడ్డాయి. నవ్వు లోపలికి వినపడుతుందని నేనే అందరినీ ఊరుకోబెట్టాను.

మళ్లీ వెళ్లి వంగి చెప్పాను.

"గోగు గెడ్డలోంచి తీసీసినారు. నార ఒలిచీసినారు. బెంగెట్టుకోకు."

ఆయన కళ్లు గట్టిగా మూసి తెరిచాడు. ఛాతీలోంచి పొడుగాటి ఊపిరి ఒకటి వచ్చింది. వేళ్లు దుప్పటి మీద ఆగిపోయాయి. నేను బయటికొచ్చి, కళ్లు ఇలా మూశాడప్పా అని చేసి చూపించాను. ఆమె ఇంకోసారి చేయమంది. చేశాను.

డాక్టరుగారు ఇదంతా చూస్తూనే ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. ఒకరోజు నాలుగు గంటలకు ఆయనే వరండాలోకి వచ్చారు. అందరూ భయపడి లేచారు. కూర్చోమని తాను నిలబడే మాట్లాడారు. ఒకరికి, మీ నాన్న పరిస్థితి ఇంకా క్రిటికల్‌గానే ఉంది అన్నారు. ఆ కుర్రవాడు వినయంగా చేతులు కట్టుకుని, ఆ క్రిటికల్ మందు ఈ ఊళ్లో దొరుకుతాదా బాబూ, శ్రీకాకుళం ఎల్లాలా అని అడిగాడు. డాక్టరుగారు నా వంక చూశారు. నేను నేల వంక చూశాను. కొంచెంసేపటికి ఆయన కూడా పంచెలు కట్టుకున్న మనుషుల మధ్య, ప్యాంటు మడతలు సర్దుకుంటూ అరుగు అంచున కూర్చున్నారు. నీకు ఏం తెలుసో ముందు నువ్వు చెప్పు, అక్కడి నుంచి నేను చెప్తాను అన్నారు ఆ కుర్రవాడితో. ఎవరూ నేర్పకుండానే ఆయనకు ఆ మాట ఎలా తోచిందో నాకు తెలియదు. తర్వాతి కాలంలో నేను ఎన్ని ఆసుపత్రుల్లో పనిచేసినా, కొత్తగా వచ్చిన పిల్లలకు ముందు చెప్పింది అదే.

అన్నీ ఇలా చక్కగా కుదిరాయని కాదు. నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. దాచకుండా చెప్పడమే మంచిదని తేలింది కదా అని, అందరికీ అన్నీ చెప్పడం మొదలుపెట్టాను. అప్పుడే మళ్లీ ఖాళీ అయిన రెండో మంచం మీదికి ఒక బాలింత వచ్చింది. పల్లెలో మంత్రసాని పురుడు పోసింది. తొమ్మిదో రోజున దవడ పట్టేసింది. భర్త బడిపంతులు. గుడిలో అర్చకత్వం చేసే కుటుంబం. మెత్తని మాట, మెత్తని మనిషి. నేను అతన్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు మొత్తం చెప్పాను. ఇలాంటి కేసుల్లో బతకడం కష్టమని కూడా చెప్పాను. అతను విన్నంతసేపూ తలూపాడు. తర్వాత లేచి చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులు రాలేదు.

అప్ప నన్ను చాటుకు పిలిచి కోప్పడింది. ఆ కోపం నాకు బాగా జ్ఞాపకం.

"నాకు సెప్పినట్టే అందరికీ సెప్తావేటి? ఎంత ఇంటాడో ముందు అడగాల నేదా? నానడిగినాను, నువ్వు సెప్పినావు. ఆ బాబు అడిగినాడా?"

అడగలేదని ఒప్పుకున్నాను. మూడో రోజు అతను వచ్చినప్పుడు క్షమించమన్నాను. మీకు ఎంతవరకు చెప్పమంటారని అడిగాను. అతను, అంతా మా అత్తగారికి చెప్పండి, నాకు ఆమె నిద్రపోయిందా లేదా అన్నది ఒక్కటి చెప్పండి చాలు అన్నాడు. అలాగే చేశాం. అత్తగారు గట్టి మనిషి. అన్నీ విని, ప్రతిరోజూ ఒక కబురు లోపలికి పంపేది. చంటిది ఇంట్లో పిన్నమ్మ దగ్గర ఉంది. ఈ రోజు ఎన్నిసార్లు పాలు తాగింది, ఎటు తిరిగి పడుకుంది, కుడిచేతి గుప్పిట ఎలా బిగిస్తోంది. నేను ఆ బాలింత చెవిలో చెప్పేదాన్ని. ఆమె కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయేవి. తుడవడానికి ముందు, తుడుస్తున్నానమ్మా అని చెప్పి తుడిచేదాన్ని.

ఆమె బతకలేదు. కానీ ముందురోజే డాక్టరుగారు అత్తగారిని తన గదిలోకి పిలిపించి అరగంట మాట్లాడారు. ఇక చేయగలిగింది పెద్దగా లేదని, లోపల కూర్చోవాలనుకుంటే కూర్చోవచ్చని. నియమం పెట్టిన మనిషే నియమం తీసేశారు. తల్లి గాజులు తీసి ఆయా చేతికిచ్చి, వట్టికాళ్లతో లోపలికి వెళ్లి, కూతురి పాదాల దగ్గర కూర్చుంది. ముట్టుకునే ముందు ప్రతిసారీ, నేనేనమ్మా అనేది. పంతులు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాలేక, అక్కడే నిలబడ్డాడు. మర్నాడు మధ్యాహ్నం ఆమె పోయేటప్పటికి ముగ్గురూ అలాగే ఉన్నారు. నెల తర్వాత అతను చంటిపిల్లను ఎత్తుకుని వచ్చి నాకు చూపించి వెళ్లాడు.

అప్ప భర్తకు దవడ సడలడానికి నెల పట్టింది. ముందు ఒక వేలు పట్టేంత, తర్వాత చెంచా పట్టేంత. చెంచాతో ఇచ్చిన పాలు ఆయన ముఖం ముడుచుకుని మింగేవాడు. ఆయనకు పాలంటే పడవని అప్ప ముందే చెప్పింది. డాక్టరుగారిని అడిగితే, చోడి అంబలి వడకట్టి ఇవ్వమన్నారు. రాగులను అక్కడ చోళ్లంటారు. పెరట్లో ఇటుకల పొయ్యి మీద అప్పే కాచింది. రెండు గరిటెలు తాగి ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ ముఖంలో తృప్తి చెప్పడానికి వాళ్ల మాట ఏదీ నాకు అవసరం రాలేదు.

కిటికీల నల్లగుడ్డ ఒకవైపు తీసిన రోజున అప్పను లోపలికి రానిచ్చాం. ఆమె మంచం పక్కన నిలబడి, ఆయన్ని తల నుంచి కాళ్ల దాకా చూసి, గడ్డం మాసిపోయిందంది. అంతే. నేను ఇంకేదో జరుగుతుందని గుమ్మంలో నిలబడ్డాను. ఆమె దుప్పటి కొసలు సర్దింది, ఆయన కాలు కాస్త జరిపి ఆమెకు చోటిచ్చాడు.

మాట వచ్చాక ఆయన నాతో మొదట అన్నది ఇది.

"నీది ఏ దేసమమ్మా? నీ మాట సగం తెలిసీది కాదు. మంచి మాటే సెప్తన్నావని మాత్రం తెలిసీది."

తెనాలి దగ్గర అని చెప్పాను. ఆయన తలూపాడు. ఎక్కడో చాలా దూరమని ఆయన లెక్క.

వాళ్లు వెళ్లిపోయాక నేను ఆ ఆసుపత్రిలో ఇంకో ఏడాది పైనే ఉన్నాను. బదిలీ కాగితం వచ్చిన తర్వాత, ఆయా శ్రీకూర్మం మొక్కు తీర్చుకోవాలంటే తోడు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం అప్ప వాళ్ల పల్లెకు వెళ్లాం. కబురు పంపలేదు. అప్ప గడపలో నిలబడి నన్ను చూసి, చిక్కిపోయావంటూ చేయి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. ఆయన నడుము కొంచెం బిగబట్టినట్టే నడుస్తున్నాడు గానీ, పొలం పనికి వెళ్తూనే ఉన్నాడట. నా రాకకు ఆయన చేసిన మర్యాద ఏమిటంటే, వెళ్లి జీడిమామిడి పండ్లు కోసుకొచ్చి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని నేను తినేదాకా చూడటం.

అన్నం తిన్నాక అప్ప నన్ను లోపలి గదిలో మంచం వేసి పడుకోమంది. కళ్లు పీక్కుపోయాయి, తొంగో బుల్లీ అంది. నేను కళ్లు మూసుకున్నాను. ఇంతలో నర్సమ్మ వచ్చిందని తెలిసి ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే వాకిట్లో చేరారు. కొందరికి దగ్గు, కొందరికి మోకాళ్లు. తొంగుంది, లేచాక సూస్తాది, కూకోండి అని అప్ప వాళ్లను ఆపేసింది. కూర్చున్నవాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి కదా, మొత్తం కథ మొదలుపెట్టింది.

గది గోడకు చెవి ఆనించి నేనంతా విన్నాను. ఆమె కథలో ఆసుపత్రికి రెండంతస్తులున్నాయి. డాక్టరుగారు ఆరడుగుల మనిషి, ఆమెను చూస్తే భయపడేవాడు. మంచం తిప్పడానికి పదిమంది పట్టారు. నేను మొదటి రోజు నుంచే చాప మీద కూర్చుని ఆమెతో అన్నీ చెప్పుకునేదాన్ని. బాగానే ఉన్నాడు అన్న మాట ఆమె కథలో లేదు, మిల్లు మనిషి అన్నా లేడు. మరిచిపోయిందో, నేను వింటానని వదిలేసిందో తెలియదు. మధ్యలో ఎవరో అడ్డొచ్చి, ఆ గుంట మన మాట ఆడీదా అని అడిగారు. గుంట అంటే పిల్ల, నేనే. ఆడీది, బాగానే ఆడీది, నాను నేర్పినాను అంది అప్ప. వాకిట్లో నవ్వారు. ఆయన గొంతు కూడా వినపడింది. సగమే అన్నాడు. నువ్వూరుకో మావా అని ఆమె మళ్లీ చెప్పుకుపోయింది.

నేను లేచి తప్పులు దిద్దలేదు. ఆ గొంతు వింటూ వింటూ నిజంగానే నిద్రపోయాను. పొద్దు వాలే వేళకు ఆయా లేపింది. ఆఖరి బస్సుకు టైమవుతోందట.